పన్నెండు గంటలకు సున్నా

కుట్టు గది,
సోమవారం

అగ్గిపుల్లకు,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని మూతి తిప్పకు. ఫోన్లో నువ్వు మాట్లాడవు, పేలతావు. నేను సగం చెప్పేలోపే ఎవరినో తిట్టడం మొదలుపెడతావు. కాగితం మీదైతే నా మాట చివరిదాకా వినక తప్పదు. నువ్వూ ఇలాగే రాయి. తిట్లుంటే అవీ రాయి, ఇంకు నీదే కదా.

నువ్వు మా డాబా మీద ఆరు సోలార్ ప్యానెళ్ళు బిగించి వెళ్ళి ఇవాళ్టికి పన్నెండు రోజులు. నా నాలుగు కుట్టు మిషన్లూ, ఇస్త్రీ పెట్టె కూడా ఎండతో నడుస్తున్నాయని కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతున్నాను. జాకెట్టు కొలత తీసుకునేలోపు నీ గురించి మొత్తం చెప్పేస్తున్నాను.

మొన్న పొద్దున వీధంతా కరెంటు పోయింది. ఇంకేముంది, గుమ్మంలో నిలబడి, మా ఇంట్లో ఫ్యాన్ తిరుగుతుంది రండి అని పిలిచాను. మూలింటావిడ వచ్చింది. మందుల షాపాయన వచ్చాడు. ఎదురింటి రిటైర్డ్ గుమాస్తాగారు విసనకర్ర పట్టుకుని మరీ వచ్చారు. ఫ్యాన్ తిరగలేదు. నలుగురం ఆయన విసనకర్రనే వంతులవారీగా వాడుకున్నాం. మీ అమ్మాయి ఏదో వైరు మర్చిపోయిందేమో అన్నారాయన, చాలా మర్యాదగా. వెక్కిరించినా బాగుండేది.

ఎందుకు తిరగలేదో రాయి. ఈ మూడిళ్ళవాళ్ళూ నా బిల్లు చూశాకే నీకు పనిస్తామన్నారు కదా. వాళ్ళ ముందు నా పరువు ఆ ఫ్యాన్ రెక్కకే వేలాడుతోంది.

నీ ప్యానెళ్ళకు నేనొక కానుక కుట్టాను. ఏమిటో చెప్పను, వచ్చినప్పుడు చూద్దువుగాని. మందుల షాపాయన చూసి ముచ్చటపడి, తన స్కూటరుకూ అలాంటిది కుట్టమన్నాడు.

నీ పిన్ని

—

బడి డాబా మీద,
బుధవారం, భోజనాల వేళ

పిన్నీ,

ముందు తప్పు ఒప్పుకుంటాను, తిట్లు తరువాత. తప్పు నాదే. వీధిలో లైను పోతే మన ప్యానెళ్ళూ ఆగిపోతాయి. ఆగాలి కూడా. మన డాబా మీద పుట్టిన కరెంటు వీధి తీగలోకి పోతే, లైను లేదనుకుని స్తంభమెక్కిన మనిషి చచ్చిపోతాడు. అందుకని ప్యానెళ్ళ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే నోరు మూసుకుంటుంది. అయినా నడవాలంటే బ్యాటరీ ఉండాలి, మనం పెట్టలేదు. ఇదంతా బిగించిన రోజే నీకు చెప్పాల్సింది. ఆ రోజు డీలరు రెండు బోల్టులు తక్కువ పంపాడని వాడి మీద అరుస్తూ మర్చిపోయాను.

ఇక తిట్లు. ఈ పనిలో అమ్మేవాడికి నోరుంది, బిగించేవాడికి చేతులున్నాయి, విడమరిచి చెప్పేవాడు మాత్రం ఎక్కడా లేడు. మా పాత కంపెనీ సేల్స్‌మన్ నీకు తెలుసుగా, నవ్వులాయన. బిల్లు సున్నా అంటూ కాగితం మీద గుండ్రంగా సున్నా చుట్టి చూపిస్తాడు. పాతికేళ్ళ గ్యారంటీ అంటాడు. ఆ కంపెనీ పుట్టి రెండేళ్ళయింది. ఆయన మాట నమ్మిన ఒక ముసలి మాస్టారి ఇంటి మీద, పక్క మేడ నీడలో ఎనిమిది ప్యానెళ్ళు బిగించమన్నారు. నీడలో కరెంటు పుట్టదు సార్ అన్నాను యజమానితో. "నువ్వు ఏ కాలేజీలో చదివావు?" అన్నాడు. పానా అక్కడే పెట్టి నిచ్చెన దిగి వచ్చేశాను. నిజమే, నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. పాత సామాను విప్పుకుని, రెండుసార్లు షాక్ తిని నేర్చుకున్నాను. కాలేజీలో చదివినవాడు బిగించినా నీడ నీడే.

అయినా పిన్నీ, ఈ పనంటే నాకు ప్రాణం. సరైన కప్పు మీద సరైన వైపు తిప్పి పెడితే ఏళ్ళ తరబడి ఎండ చప్పుడు చేయకుండా చాకిరీ చేసి పెడుతుంది. పొగ లేదు, మోత లేదు. అందుకే దీన్ని చెడగొట్టేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆ మూడిళ్ళవాళ్ళూ సరే అంటే నేనిక ఎవరి కిందా పని చేయనక్కర్లేదు. కాదంటే ఈ బడి పని అయ్యాక మళ్ళీ ఆ యజమాని దగ్గరికే, మళ్ళీ ఆ నీడల్లోకే. బిల్లు రాగానే రాయి.

నీ అగ్గిపుల్ల

—

కుట్టు గది,
గురువారం

అమ్మడూ,

కూర్చుని చదువు. డాబా అంచున మాత్రం కూర్చోకు.

నీ ఉత్తరం వచ్చిన రెండు వారాలకు బిల్లు వచ్చింది. వంద యూనిట్లు కాలే చోట అరవై తగ్గుతాయన్నావు. పాతిక తగ్గాయి. పాతిక కూడా తక్కువేం కాదు, నాకు సంతోషమే. కానీ ముగ్గురూ నాకంటే ముందే మీటరు దగ్గర నిలబడి ఉన్నారు. గుమాస్తాగారు కళ్ళజోడు మార్చి మరీ చదివారు. మూలింటావిడ పాపం, మొదటి నెల కదా, అలవాటు పడాలేమో అంది. కొత్త కోడలి గురించి మాట్లాడినట్టు. మందుల షాపాయన బిల్లును నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చి షాపుకు వెళ్ళిపోయాడు. ఆయన అలా వెళ్ళిపోతే నాకు భయం.

నువ్వు ఎవరి మీదా కేకలేయకు. అవి బాగానే ఉన్నాయి. కంటికి రెప్పలా చూసుకో పిన్నీ, పాతికేళ్ళు రావాలి అన్నావు కదా, నా బిడ్డల్లా చూసుకుంటున్నాను.

పిన్ని

—

బడి వెనక గది,
శనివారం

పిన్నీ,

కేకలేయకు అన్నావు, అందుకని రాశాను. డీలరుకి. రెండు పేజీలు. నెలంతా ఒక్క మబ్బు తునక లేదు. లెక్క నాది తప్పు కాదు, మూడుసార్లు వేశాను. కనుక వాడు పంపింది పాడైన సరుకే. "మీరు అమ్మింది ప్యానెళ్ళా, అద్దాల బీరువా తలుపులా?" అని రాశాను. దొంగ అని కూడా రాశాను. ఆ ఒక్క మాట చెరిపేద్దామనుకుని, మళ్ళీ ఇంకా గట్టిగా దిద్దాను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. మెట్ల కింద ఇన్వర్టర్ డబ్బా మీద అంకె వెలుగుతుంటుంది. ఆ క్షణాన ప్యానెళ్ళు ఎంత కరెంటు ఇస్తున్నాయో అది చెబుతుంది. ఆ డబ్బాను ఫోనుకు కలపనిచ్చి ఉంటే ఇక్కడినుంచే చూసేదాన్ని, వైఫై పెట్టె పెడదామంటే ఇంట్లో ఇంకో దీపం మినుకుమినుకుమంటే నాకు తలనొప్పి అన్నావు. సరే. గంటగంటకూ ఆ అంకె చూసి రాసి పంపు. డాబా మీద ఏదైనా అడ్డం వస్తోందా? పక్కింటి ట్యాంకు నీడ పడుతోందా? బాగా చూసి చెప్పు.

నువ్వు ఓదార్చకు. నాకు కోపంగా ఉంటేనే బుర్ర పనిచేస్తుంది.

అగ్గిపుల్ల

—

కుట్టు గది,
మంగళవారం

అమ్మడూ,

డాబా మీద అడ్డమేమీ లేదు. నేను రోజూ పదకొండింటికోసారి, మూడింటికోసారి స్వయంగా పైకెక్కి అంతా సర్ది వస్తున్నాను. ట్యాంకు నీడ మన గోడ దాకా కూడా రాదు.

నువ్వడిగిన అంకెలు: తొమ్మిదికి వెయ్యి. పదికి పద్నాలుగు వందల యాభై. పన్నెండుకి సున్నా. ఒంటిగంటకి సున్నా. రెండుకి సున్నా. మూడున్నరకి పదకొండు వందలు. నాకైతే అది కూడా మనలాగే మధ్యాహ్నం కునుకు తీస్తోందనిపించింది.

నీ ఉత్తరం అందినట్టుంది, డీలరు తన మనిషిని పంపాడు. పొద్దున పదింటికి వచ్చాడు, పైకెక్కాడు, ఏవో తీగలు తాకించి చూశాడు. అన్నీ బంగారంలా ఉన్నాయన్నాడు. దిగి వచ్చి ముగ్గురి ముందూ, మా సరుకులో లోపం లేదు, బిగించినవాళ్ళకు సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు.

దాచకూడదు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. మీ నవ్వులాయన వీధిలో తిరుగుతున్నాడు. మూడిళ్ళకూ కాగితాలు తయారట. వచ్చే నెల మొదటి ఆదివారం సంతకాలు పెట్టించుకుంటాడట.

పిన్ని

—

బడి వెనక గది,
గురువారం

పిన్నీ,

పన్నెండింటికి సున్నా. ఈ రెండు మాటలూ ఇరవైసార్లు చదివాను. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు సున్నా. పొద్దున బాగానే ఉండి, సాయంత్రం బాగానే ఉండి, మిట్టమధ్యాహ్నం సున్నా. ఇలాంటి జబ్బు ఇంతవరకు వినలేదు. ఇక్కడ నాతో పనిచేసే ఇద్దరు ముదురు మేస్త్రీలను అడిగాను. వాళ్ళూ తల గోక్కున్నారు.

సరుకు బాగుంటే, నీడ లేకపోతే, మిగిలింది నేనే. ఎక్కడో ఏదో తప్పు కలిపాను. నాకు తెలియని తప్పు. కాలేజీలో అయితే చెప్పి ఉండేవారేమో.

వచ్చే వారం శనివారం దాకా ఇక్కడ పని వదలడానికి లేదు. ఆ మరునాడు వచ్చి అన్నీ విప్పేస్తాను. ఆ యజమానికి ఫోన్ చేశాను. నెల మొదటి సోమవారం వచ్చి చేరమన్నాడు. ఏమీ తిట్టలేదు. తిడితే నేనూ తిట్టేదాన్ని కదా, ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

వీధిలో నీకు తలవంపులు తెచ్చాను. క్షమించు.

—

కుట్టు గది,
శనివారం

అమ్మడూ,

నువ్వు క్షమించు అని రాయడం పుట్టినప్పటినుంచి ఇదే మొదటిసారి. నాకేమీ బాగాలేదు.

ఆ యజమాని దగ్గరికి అప్పుడే పోకు. విప్పే పని కూడా పెట్టుకోకు, తొందరేముంది. నిన్న అంకెలు రాయలేదు. బడిపిల్లల యూనిఫారాలు ఎనభై జతలు వచ్చి పడ్డాయి, డాబా ఎక్కడానికే తీరలేదు.

ఊరికే ఒకటి అడుగుతున్నాను. ఒకావిడ ఉందనుకో. నాకు తెలిసినావిడ కాదు. ఎండకు పాడైపోతాయని మధ్యాహ్నం పూట ఆ ప్యానెళ్ళకు గుడ్డ కప్పిందనుకో. మంచి మనసుతోనే. అలాంటావిడ గురించి నువ్వేమంటావు?

భోజనం వేళకు చేయి.

పిన్ని

—

బడి వెనక గది,
సోమవారం

పిన్నీ,

ఎవరా మహాతల్లి? అడ్రసు పంపు. ఆవు మూతికి చిక్కం కట్టి పాలివ్వట్లేదని ఏడ్చే రకం. ఎండ కోసం పెట్టినదాన్ని ఎండలోంచి దాచిందా? రేపు గొడుగు వేసుకుని స్నానం చేసి, ఒళ్ళు తడవలేదని కుళాయిని తిడుతుంది. అలాంటావిడను తీసుకెళ్ళి ఆవిడ డాబా మీదే మిట్టమధ్యాహ్నం కూర్చోబెట్టాలి, తలమీద గుడ్డ లేకుండా. ఇలాంటివాళ్ళ వల్లే బిగించినవాళ్ళకు చెడ్డపేరు. మనసు మంచిదైతే నాకేం లాభం, మనసుతో మిషన్ తిరుగుతుందా?

నా బుర్ర వేడెక్కి ఉంటే నువ్వు ఎవరో ఒకావిడ కబుర్లు అడుగుతావా?

ఇంతవరకు రాసి, కవరు అంటించబోతూ నీ పాత ఉత్తరాలు తీసి చూశాను. మందుల షాపాయన తన స్కూటరుకు కుట్టమన్నది ఏమిటి పిన్నీ?

—

కుట్టు గది,
బుధవారం

అమ్మడూ,

కవర్లు.

ఆరు. ముతక నీలం గుడ్డ, లోపల లైనింగు, అంచుకు ఎలాస్టిక్, మూలమూలకూ ముడి. ఒక్క ముడత ఉండదు. నేను కుట్టినవాటిలో అంత ముచ్చటైనవి ఇంకేవీ లేవు, తిట్టేముందు అది తెలుసుకో.

నలభై ఏళ్ళ కుట్టుపనిలో నేను ప్రతి కస్టమరుకూ చెప్పే మాట ఒకటుంది. ముదురు రంగు బట్ట లేత ఎండలో ఆరేయండి, మిట్టమధ్యాహ్నం ఆరేస్తే వెలిసిపోతుంది. నీ ప్యానెళ్ళు ముదురు నీలం. పాతికేళ్ళు రావాలన్నావు. అందుకని పదకొండింటికి తొడిగి, మూడింటికి తీస్తున్నాను. పొద్దుటెండా సాయంత్రపుటెండా చాలవా అనుకున్నాను.

శుక్రవారం యూనిఫారాల గొడవలో తొడగలేదు. పన్నెండింటికి నీళ్ళు తాగడానికి లేచి డబ్బా చూశాను. రెండు వేల యాభై. నేనక్కడే మెట్ల మీద కూలబడ్డాను. మిషన్ మీదున్న అమ్మాయి కళ్ళు తిరిగాయేమో అనుకుని సోడా తెచ్చింది.

ఇప్పుడేం చేయాలో చెప్పు. కవర్లు బీరువాలో దాచేస్తే వచ్చే బిల్లు దానంతట అదే తగ్గుతుంది. కానీ ఆదివారం సంతకాలు ఆలోపే అయిపోతాయి. నిజం చెబితే వీధి మొత్తం నవ్వుతుంది. వీధి మొత్తం ఆ కవర్లను మెచ్చుకుంది మరి. మీ నవ్వులాయన కూడా మెచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం మందుల షాపాయనతో వచ్చి చూసి, ఎంత చక్కగా చూసుకుంటున్నారు మేడమ్ అన్నాడు.

తిట్టు. ఈసారి చివరిదాకా చదువుతాను.

పిన్ని

—

బడి వెనక గది,
శుక్రవారం

పిన్నీ,

చదివి, గదిలో ఒక్కదాన్నే అరగంట నవ్వాను. పక్కగది మేస్త్రీ వచ్చి తలుపు కొట్టాడు. తరువాత తిడదామని కూర్చున్నాను. ఎవరిని తిట్టాలో తేలలేదు.

నేను నీకు ఏం చెప్పాను? కంటికి రెప్పలా చూసుకో అన్నాను. చూసుకున్నావు. ఆ మోకాళ్ళతో రోజుకు రెండుసార్లు పద్దెనిమిది మెట్లెక్కి చూసుకున్నావు. దాని తిండి ఎండేనని, ఎంత ముదురు ఎండైతే అంత మేలని ఒక్క ముక్క చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. నవ్వులాయన అబద్ధాలు చెబుతాడు, నేను అసలేమీ చెప్పను. నీ డాబా మీద ఇద్దరం ఒకటే అయ్యాం.

డీలరుకు క్షమాపణ రాశాను. మూడు వాక్యాలు. అందులో రెండు మళ్ళీ తిట్లుగా మారిపోతుంటే నాలుగు కాగితాలు చించాను.

వీధిలో ఏమీ చెప్పకు. నలభై ఏళ్ళ నీ పేరు ఒక నవ్వులో కొట్టుకుపోకూడదు. వైరింగులో నేనే తప్పు చేశానని, సరిచేశానని చెప్పు. సర్టిఫికెట్ లేనిదాన్ని కదా, నమ్ముతారు. సోమవారం నేను ఆ యజమాని దగ్గర చేరిపోతాను. కొన్నాళ్ళు ఓర్చుకుంటాను.

ఈ ఒక్క మాట విను.

నీ అగ్గిపుల్ల

—

కుట్టు గది,
ఆదివారం సాయంత్రం

అమ్మడూ,

వినలేదు.

పదకొండున్నరకు ముగ్గురినీ మా ఇంటికి రమ్మన్నాను. సంతకాల కాగితాలతో నవ్వులాయన కూడా వస్తాడని తెలిసే ఆ వేళకు పిలిచాను. మూలింటావిడను డబ్బా ముందు నిలబెట్టి, అంకె గట్టిగా చదవమన్నాను. నేను పైకెక్కి కవర్లు తొడిగాను. కిందనుంచి సున్నా అని కేక. ఒక్కటి తీశాను, మూడు వందల నలభై. రెండోది తీశాను. ఆరోది తీసేసరికి ఆవిడ గొంతు ఎదురు వీధి దాకా వినిపించింది. గుమాస్తాగారు మళ్ళీ మొదటినుంచి తొడగమన్నారు. ఆయనకు నమ్మకం కుదరడానికి మూడుసార్లు ఎక్కి దిగాను.

అప్పుడు చెప్పాను. "నెలంతా కప్పింది నేనే. అమ్మాయి పనిలో లోపం లేదు. బుద్ధి తక్కువ నాది, చెప్పకపోవడం దానిది." నవ్వారు. ఎంత నవ్వారంటే గుమాస్తాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇప్పుడు నాకు వీధిలో గొడుగు మేడమ్ అని పేరు. పోనీలే, పేరుకేం, అదీ తొడుక్కుంటాను.

నవ్వు ఆగాక మందుల షాపాయన నోరు విప్పాడు. "ఆ రోజు మీరూ చూశారు కదండీ, మెచ్చుకున్నారు కూడా" అన్నాడు నవ్వులాయనతో. ఆయన నవ్వుతూనే కాగితాలు సర్దడం మొదలుపెట్టాడు. తెలియక మెచ్చుకున్నాడో, తెలిసి నోరు మూసుకున్నాడో, ఏదైతే మంచిదో మీరే తేల్చుకోండని నేను లోపలికి వచ్చేశాను. ఆయన కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూలింటావిడ అక్కడికక్కడే తన ఇంటికి నువ్వే బిగించాలంది. మిగతా ఇద్దరూ ఆలోచిస్తామన్నారు. ఒకరైనా వచ్చారు. ఆ యజమానికి రానని చెప్పేయి. ఈ ఉత్తరం అందేసరికే నువ్వక్కడ చేరిపోయి ఉంటే, వచ్చేయి.

పిన్ని

—

ఒక మాస్టారి ఇంటి అరుగు మీద,
మంగళవారం

పిన్నీ,

చేరాను. నీ ఉత్తరం వచ్చేదాకా ఒకటిన్నర రోజు పనిచేశాను. ఇవాళ మధ్యాహ్నం మళ్ళీ పానా కింద పెట్టేశాను. దిగి వచ్చి, ఎనిమిది ప్యానెళ్ళు నీడలో పెట్టించుకున్న ఆ మాస్టారి దగ్గరికి వెళ్ళి, వాటిని ఇంటి వెనక వైపు కప్పుకు మారిస్తే సగం బిల్లు తగ్గుతుందని చెప్పాను. మొత్తం ఎందుకు తగ్గదో కూడా చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. నాకు అరవకుండా గంటసేపు మాట్లాడటం వచ్చని ఇవాళే తెలిసింది.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టే మాట. మూలింటావిడ ఇంటికి బిగించను. నీ డాబా మీద పని చేస్తూ ఆవిడ కప్పు చూశాను. దక్షిణం వైపు మూడంతస్తుల మేడ ఉంది. చలికాలమంతా ఆవిడ కప్పు మీదికి మధ్యాహ్నం కూడా ఎండ సరిగా రాదు. పెట్టిన డబ్బుకు దండగ. వద్దని చెప్పు. వచ్చింది ఒకే ఒక్క పని, దాన్నీ నేనే పోగొట్టుకుంటున్నాను. తెలుసు. కానీ ఆవిడ కోసం ఒక నీడ, మాస్టారి కోసం ఒక నీడ అని నాకు రెండు రకాల నీడలు లేవు.

సోమవారం వస్తున్నాను. చేతిలో పనేమీ లేదు కనుక నీ యూనిఫారాలకు గుండీలు కుడతాను.

నీ అగ్గిపుల్ల

—

కుట్టు గది,
గురువారం

అమ్మడూ,

గుండీలు కుట్టడం నీ వల్ల కాదు, దారం తెంపుతావు. అది అలా ఉంచు.

మూలింటావిడకు నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. ముఖం చిన్నబుచ్చుకుంది. ఆ మూడంతస్తుల మేడ వంక చూసి, వాళ్ళు కట్టేటప్పుడే అనుకున్నాను అంది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంక మన పని అయిందనుకుని నేను మిషన్ ముందు కూర్చున్నాను.

గంట తిరక్కుండా గుమాస్తాగారు వచ్చారు. మా డాబా కూడా పనికిరాదంటుందా మీ అమ్మాయి అని అడిగారు. చూడకుండా ఎలా చెబుతుందన్నాను. అయితే వచ్చి చూసి వద్దనమనండి అన్నారు. సాయంత్రం మందుల షాపాయన. నవ్వులాయన ఈ వీధిలో ఒక్క ఇంటికీ వద్దనలేదట, అదేమిటో ఇన్నాళ్ళూ తట్టలేదట. మూలింటావిడ ఊరుకుందా, తన కప్పు గురించి నువ్వు రాసింది వీధంతా చెప్పింది. పక్క వీధి నుంచి కూడా వస్తున్నారు, ముందుగా వద్దనిపించుకుందామని. ఇద్దరైతే తమ డాబా మీద నీడ ఎటు పడుతుందో గంటగంటకూ సున్నంతో గీతలు గీసి పెట్టారు.

ఇవాళ్టికి తొమ్మిది డాబాలు. పేర్లు వరసగా రాసి పెట్టాను.

సోమవారం పొద్దున్నే రా. పెద్ద నిచ్చెన తెచ్చుకో. మందుల షాపాయన డాబాకు మెట్లు లేవు.

పిన్ని